ఏం చూశారో చెప్పండి!

"సినిమా ఎలా ఉంది?" అని ఎవర్నైనా అడిగి చూడండి. ఆఫీసులో పక్క సీటాయన్ని, బస్సులో ముందు సీటు కుర్రాణ్ణి, పెళ్ళి బంతిలో ఎదురుగా కూర్చున్న మేనమామని. వాళ్ళ జవాబు నేనిక్కడే రాసిస్తాను: "ఫస్టాఫ్ ఓకే. సెకండాఫ్ కొంచెం ల్యాగ్. ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరింది. బీజీఎం వేరే లెవెల్. క్లైమాక్స్ ఇంకాస్త బాగుండాల్సింది. మొత్తానికి వన్ టైమ్ వాచబుల్." ఏ సినిమా గురించి? ఏదైనా సరే. సంక్రాంతి సినిమాకీ ఇదే, దసరా సినిమాకీ ఇదే, దెయ్యం సినిమాకీ దేశభక్తి సినిమాకీ కూడా ఇదే. డబ్బు పెట్టి, ట్రాఫిక్‌లో ఈది, రెండున్నర గంటలు చీకట్లో కూర్చుని, నవ్వి, ఏడ్చి, విసుక్కుని బయటికొచ్చిన మనిషి నోట్లో ఆ సినిమాకి మాత్రమే చెందిన మాట ఒక్కటి ఉండదు. ఇంకో సినిమాకి కూడా అతికించుకోవడానికి వీలుగా ముందే తయారై ఉన్న మాటలే ఉంటాయి.

తెలుగువాళ్ళకి సినిమా పిచ్చి అంటారు. పచ్చి అబద్ధం. మనకున్నది హీరోల పిచ్చి, రికార్డుల పిచ్చి, మొదటి రోజు మొదటి ఆట చూశామని చెప్పుకునే పిచ్చి. సినిమా పిచ్చి ఉన్నవాడు సినిమా గురించి మాట్లాడతాడు. మీరు ఎప్పుడు మాట్లాడారు?

కోపం వచ్చిందా? అయితే ఒక పని చెయ్యండి. మీరు ఆఖరుగా చూసిన సినిమా తల్చుకోండి. దాని గురించి మూడు వాక్యాలు చెప్పండి. షరతులు కొన్ని ఉన్నాయి. హీరో పేరు రాకూడదు. కోట్లు రాకూడదు. ల్యాగ్, లెవెల్, మాస్, క్లాస్, బ్యాంగ్, ఎలివేషన్ రాకూడదు. మీరు కళ్ళతో చూసింది, చెవులతో విన్నది, మీకు అనిపించింది మాత్రమే రావాలి. ఈ పేరా దగ్గరే ఆగి ప్రయత్నించండి. నేనేం తొందరపడను.

నాకు తెలిసిన ఉత్తమ సమీక్ష మా వీధిలో బ్లౌజులు కుట్టే ఆవిడ చెప్పింది. కుటుంబమంతా కలిసి చూడాల్సిన సినిమా అని ఊరూవాడా పొగిడిన ఒక పెద్ద సినిమా చూసొచ్చి, మిషను మీద నుంచి తలెత్తకుండా అన్నది: "అందరూ బాగానే చేశారండీ. ఇల్లు కూడా బాగుంది. కానీ ఆ కోడలు సినిమా అంతా వడ్డిస్తూనే ఉంది. ఒక్కసారీ తిన్నట్టు చూపించలేదు." అంతే. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ సినిమాకి నాలుగు చుక్కలు వేసిన మేధావులు, పేజీలు నింపిన పండితులు, గంటసేపు వీడియోలు చేసిన విశ్లేషకులు, ఒక్కరు చూశారా ఆ సంగతి? ఆవిడ చూసింది. ఎందుకంటే ఆవిడకి రోజూ తెలిసిన జీవితం తెర మీద ఎక్కడ తప్పిపోయిందో ఆవిడకి తెలుసు. ఆ ఒక్క మాట దగ్గర ఆ సినిమా కుటుంబ విలువలన్నీ కుప్పకూలాయి. ఆవిడ పేరు ఏ పత్రికలోనూ రాదు. ఆవిడ ముందుకి ఏ మైకూ రాదు.

మైకు సంగతి కూడా చెప్పుకోవాలి. శుక్రవారం పొద్దున హైదరాబాదులో ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ముందుకి వెళ్ళండి. ఇంటర్వెల్‌కే ఒక మైకుల గుంపు తయారుగా ఉంటుంది. వాటి ముందు నిలబడేవాళ్ళలో సగంమంది ప్రతి శుక్రవారం కనిపించే మొహాలే. ఒకడు చొక్కా చించుకుంటాడు, ఒకడు ఏడుస్తాడు, ఒకడు బూతులు తిడతాడు. ఎంత గట్టిగా అరిస్తే అన్ని వ్యూస్. ఈ గోలలో ఎవరో ఒక పెద్దాయన "కథలో తండ్రి పాత్ర నాకు నమ్మబుద్ధి కాలేదు బాబూ, ఎందుకంటే..." అని మొదలుపెడితే, ఆ "ఎందుకంటే" పూర్తికాకుండానే మైకు పక్కకి తిరిగిపోతుంది. ఈ దేశంలో అందరికీ అభిప్రాయం కావాలి. కారణం ఎవరికీ అక్కర్లేదు.

ఇదేమీ ఎప్పట్నుంచో ఉన్న దరిద్రం కాదు. కొడవటిగంటి కుటుంబరావు లాంటి రచయిత సినిమాని కథ చూసినంత శ్రద్ధగా చూసి వ్యాసాలు రాసిన భాష ఇది. ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రిక వీక్లీలో సినిమాల తాట తీసేవాడు. ఆ తాట తీయించుకున్న పరిశ్రమే ఆయన్ని పిలిచి 'రక్తసంబంధం'కి మాటలు రాయించుకుంది, 1962లో. తిట్టినవాడిలో పనివాణ్ణి గుర్తుపట్టే పాటి బుద్ధి అప్పటి నిర్మాతలకి ఉంది. ఇవాళ్టి వాళ్ళకి ఎవడైనా తిడితే వకీళ్ళే గుర్తొస్తారు.

రాసేవాళ్ళ సంగతి అలా ఉంచండి. మామూలు ప్రేక్షకుడి నోటిమాట ఏం చెయ్యగలదో తెలియాలంటే 1980 ఫిబ్రవరి 2కి వెళ్ళండి. 'శంకరాభరణం' విడుదలైన రోజు. పేరున్న హీరో లేడు. కథానాయకుడి పాత్రలో ఉన్నది డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేసుకునే జె.వి. సోమయాజులు. నెరిసిన జుట్టు, శాస్త్రీయ సంగీతం, ఫైట్లు లేవు. కొనడానికి డిస్ట్రిబ్యూటర్లు వెనకాడారు. మొదట్లో హాళ్ళు వెలవెలబోయాయి. తరవాత ఏం జరిగింది? ఏ పోస్టరు లేపింది దాన్ని? ఏ ప్రీ రిలీజ్ ఈవెంటు? చూసినవాడు ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పాడు, ఆవిడ పక్కింట్లో చెప్పింది, వాళ్ళు ఊళ్ళో బంధువులకి ఉత్తరం రాశారు. అట్లా ఇంటింటికీ పాకి హాళ్ళు నిండాయి. భాష తెలియని రాష్ట్రాల్లో కూడా జనం కూర్చుని చూశారు. ఒక సినిమాని ప్రేక్షకులు నోటిమాటతో బతికించుకున్న కథ అది.

మొన్న మొన్నటిదే కావాలా? 2023 మార్చి 3న 'బలగం' వచ్చింది. వేణు యెల్దండి దర్శకుడు. ఒక ముసలాయన చనిపోతాడు, పిండం ముట్టడానికి కాకి రాదు. బావా బావమరుదులు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకపోవడానికి కారణం ఒక విందులో నల్లి బొక్క. నల్లి బొక్క కోసం ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కకుండా పోయిన ఇళ్ళు తెలంగాణలో ఎన్ని ఉన్నాయో అది చూసిన జనానికి తెలుసు. అందుకే ఊళ్ళకి ఊళ్ళు తెరలు కట్టుకుని నడి వాడలో కూర్చుని చూశాయి. చివర్లో బుడగ జంగాల మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాటకి ముసలీ ముతకా వెక్కి వెక్కి ఏడ్చారు. విడిపోయిన అన్నదమ్ములు కలిశారని వార్తలు వచ్చాయి. ఆ రోజుల్లో ఆ ఊళ్ళలో జనం ఏం మాట్లాడుకున్నారు? సెకండాఫ్ ల్యాగ్ అనుకున్నారా? "మా అన్న కూడా గట్లనే చేసిండు" అనుకున్నారు. సినిమా గురించి మాట్లాడడమంటే అది. అంతకన్నా పెద్ద విద్య ఏమీ లేదందులో.

ఆ విద్య ఎవరు పాడుచేశారు?

మొదటి ముద్దాయి వసూళ్ళు. పదో తరగతి పిల్లవాడు కూడా గ్రాస్, షేర్, నైజాం, సీడెడ్, ఓవర్సీస్ అంటున్నాడు. ఒరే నాయనా, ఆ కోట్లలో నీ వాటా ఎంత? పోస్టరు మీద అచ్చేసే గ్రాస్‌లో ప్రభుత్వానికి పోయే పన్ను ఉంటుంది, థియేటరు వాడి భాగం ఉంటుంది. అవన్నీ పోగా డిస్ట్రిబ్యూటరు చేతికి వచ్చేది షేర్. ఆ పోస్టరు అంకెకి లెక్కల పుస్తకం ఎవడూ చూపించడు, నువ్వూ అడగవు. అయినా ఆ అంకె కోసం ఇంకో హీరో అభిమానితో రాత్రంతా తల్లీ చెల్లీ బూతులు తిట్టుకుంటావు. సినిమా బాగుందా అని అడిగితే మూడు రోజుల్లో ఇంత వచ్చింది అంటావు. నేను అడిగింది నీ మనసు సంగతి. నువ్వు చెబుతున్నది ఎవడి బ్యాంకు సంగతి?

రెండో ముద్దాయి అభిమానం పేరిట నడిచే కులగజ్జి. అవును, ఆ మాట పైకే అంటున్నాను, రాళ్ళు వేసుకోండి. ఏ హీరో సినిమా ఎవరికి నచ్చుతుందో, సినిమా విడుదల కాకముందే ఇంటిపేరు చూసి చెప్పేయగల సమాజం మనది. పెదవి విరిచినవాణ్ణి ముందు అడిగే ప్రశ్న "నువ్వెవరి ఫ్యాన్?" దాని వెనక ఉన్న అసలు ప్రశ్న "నువ్వే కులం?" ఈ రెండు ప్రశ్నల భయానికి ఎంతమంది నచ్చనిదాన్ని నచ్చిందంటున్నారో, నచ్చినదాన్ని మింగేసుకుంటున్నారో! చదువుకున్నవాళ్ళు, అమెరికాలో ఉద్యోగాలు చేసేవాళ్ళు, డల్లాస్‌లో కార్ల ర్యాలీలు తీసేవాళ్ళు, వీళ్ళు ఇందులో తక్కువేమీ తినలేదు. సముద్రాలు దాటినా గజ్జిని జాగ్రత్తగా పెట్టెలో సర్దుకుని పోయారు.

ఆడపిల్ల అభిప్రాయం చెప్పిందంటే ఇక చూడనక్కర్లేదు. 2025 నవంబరులో రాహుల్ రవీంద్రన్ 'ది గర్ల్‌ఫ్రెండ్' వచ్చింది. ప్రేమ పేరు చెప్పి అమ్మాయి ఊపిరి కూడా తన అనుమతితోనే పీల్చాలనుకునే కుర్రాడి కథ. అందులో వాడి తల్లిగా రోహిణి చేసింది. దాదాపు మాటే లేని పాత్ర. కథానాయిక భూమ ఆ ఇంటికి వెళ్ళి, నోరు మెదపని ఆ తల్లి ఎదురుగా కూర్చుంటుంది. ఇంకో ఇరవై ఏళ్ళకి తానేమవుతుందో ఆ పిల్లకి అక్కడే తెలిసిపోతుంది. ఆ సన్నివేశం దగ్గర మా అమ్మ గుర్తొచ్చిందని, మా అక్క గుర్తొచ్చిందని ఆడపిల్లలు చెప్పుకున్నారు. వెంటనే మగ మహారాజులకి గాయాలయ్యాయి. మగద్వేషమట. అబ్బాయి వైపు కథ చూపించలేదట. అయ్యా, డెబ్భై ఏళ్ళు అబ్బాయి వైపు కథే చూపించారు. వెంటపడితే ప్రేమ, చెంపదెబ్బ కొడితే ప్రేమ, అక్కర్లేదన్నా వదలకపోతే అమర ప్రేమ. ఆ సినిమాలకి ఈల వేసిన నోటితోనే ఇవాళ సమతూకం అడుగుతున్నావు. నీ సినిమా నీకు నచ్చొచ్చు, ఆ పిల్లకి తన సినిమా నచ్చకూడదా? ఆ పిల్ల చెప్పింది తప్పనిపిస్తే సన్నివేశం పట్టుకుని వాదించు. వాళ్ళమ్మని తిట్టడం వాదన కాదు, పిరికితనం.

2024 డిసెంబరు 4 రాత్రి సంగతి ఎత్తడం చాలామందికి ఇష్టం ఉండదు. అందుకే ఎత్తుతున్నాను. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సంధ్య థియేటరు. 'పుష్ప 2' ప్రీమియర్. మామూలు టికెట్ మీద 800 రూపాయలు అదనంగా పెంచుకోవడానికి ప్రభుత్వ అనుమతి ఉన్న ఆట. తొక్కిసలాటలో పిల్లల్ని తీసుకుని సినిమాకొచ్చిన ఒక తల్లి చనిపోయింది. ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. మర్నాటి నుంచి మనం ఏం మాట్లాడుకున్నాం? మొదటి రోజు వసూళ్ళు. ఆ తరవాత హీరో అరెస్టు, ఏ పార్టీ ఎవరి వైపు, ఎవరు ఎవర్ని ఇరికించారు, ఎవరు పరామర్శకి వెళ్ళారు. ఆ రద్దీలో ఆ గేటు దగ్గర ఎంతమంది పట్టే చోట ఎంతమందిని వదిలారు అన్న ప్రశ్న ఎన్ని ఇళ్ళలో మాట్లాడుకున్నారు? ఒక ప్రాణం పోయిన సంగతిని కూడా ఫ్యాన్ వార్‌గా మార్చుకున్న నోళ్ళు మనవి. ఆ నోళ్ళకి సినిమా గురించి నిజం చెప్పే శక్తి ఎక్కడ మిగులుతుంది?

ఇక అసలు ఘనుల దగ్గరికి వద్దాం. నిర్మాతలు. "మూడు రోజులు ఆగండి, సినిమాని బతకనివ్వండి, సమీక్షలు సినిమాని చంపేస్తున్నాయి" అని మైకు దొరికినప్పుడల్లా కళ్ళు తుడుచుకుంటున్నారు. 2024 నవంబరులో 'కంగువా' దెబ్బతిన్నాక తమిళ నిర్మాతలు ఇంకో అడుగు ముందుకేశారు. థియేటర్ల ఆవరణలో యూట్యూబ్ వాళ్ళని రానివ్వొద్దన్నారు. మొదటి మూడు రోజులు సమీక్షలు ఆపించమని మద్రాసు హైకోర్టుకి పోయారు. కోర్టు ఆపలేదు. మనవాళ్ళు ఇక్కడ కూర్చుని ఆ నిర్మాతలకి చప్పట్లు కొట్టారు, అలాంటి నిషేధమే మనకీ కావాలన్నారు.

ఏం అడుగుతున్నారో గమనించండి. విడుదలకి ముందు నెల రోజులు ఈవెంట్లు పెట్టి, ఒకర్నొకరు ఆకాశానికెత్తుకుని, చరిత్ర తిరగరాస్తాం అని చొక్కా చేతులు మడవచ్చు. విడుదల రోజు మొదటి ఆట పూర్తికాకుండానే బ్లాక్‌బస్టర్ అని పోస్టరు వెయ్యచ్చు. డబ్బిచ్చి ట్వీట్లు వేయించుకోవచ్చు. చూడనివాడు పొగడచ్చు. డబ్బిచ్చి చూసినవాడు మాత్రం మూడు రోజులు నోటికి తాళం వేసుకోవాలి! హోటల్లో సాంబారు పులిసిపోతే పక్క టేబుల్ వాడికి చెప్పడానికి మూడు రోజులు ఆగుతామా? మొదటి మూడు రోజుల్లోనే, అదీ పెంచిన రేట్లకి, జనం జేబులు ఖాళీ చేసి వెళ్ళిపోవాలన్నదే మీ వ్యాపారం. ఆ మూడు రోజులే మా నోళ్ళు కుట్టేయమంటున్నారు. విమర్శ కోసం, సమీక్ష కోసం ఒక కృతిని వాడుకునే హక్కు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోనే ఉంది. మాట్లాడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. మీ దయాదాక్షిణ్యం మాకెందుకు?

"ఒక సినిమా వెనక వేలమంది కార్మికుల కష్టం ఉంది" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. కార్మికుల కడుపు మీకు గుర్తొచ్చేది ఎవడో సినిమా బాలేదన్నప్పుడు మాత్రమే. 2025 ఆగస్టులో అదే కార్మికులు, లైట్లు మోసేవాళ్ళు, మేకప్ వేసేవాళ్ళు, డాన్సర్లు, డ్రైవర్లు, వేతనాలు 30 శాతం పెంచమని అడిగారు. రెండు వారాలకి పైగా షూటింగులు ఆగాయి. అప్పుడు మీ గొంతుల్లో ఈ కరుణ ఏమైంది? సాగదీసి, ప్రభుత్వం కలగజేసుకున్నాక, 22.5 శాతానికి ఒప్పుకున్నారు. అదీ ఒకేసారి కాదు, విడతల వారీగా. హీరోల పారితోషికం విడతల్లో పెరుగుతుందా? కార్మికుణ్ణి అడ్డం పెట్టుకుని మా నోరు మూయించకండి. ఆ లైటు మోసినవాడు తన పని బాగానే చేశాడు. కథ రాయించుకోవడం మీకు చేతకాలేదు.

అబద్ధపు సమీక్షలు లేవా? ఉన్నాయి. డబ్బు తీసుకుని పొగిడేవాళ్ళూ ఉన్నారు, డబ్బు అందక తిట్టేవాళ్ళూ ఉన్నారు, సినిమా చూడకుండా ట్విట్టర్ చూసి రాసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని పెంచి పోషించింది ఎవరు? పొగిడించుకోవడానికి మొదటి కవరు ఇచ్చినవాడు ఎవడు? ఇవాళ ఆ కుక్క మిమ్మల్నే కరిస్తే ఊరందరి నోటికీ బుట్ట కట్టమంటారా?

ఈ పరిస్థితి ఎక్కడికొచ్చిందంటే, మంచి సినిమా కూడా దానంతటది మా ముందుకి రాలేకపోతోంది. 2025 మార్చిలో 'కోర్ట్' వచ్చింది. పందొమ్మిదేళ్ళ కుర్రాడు, పద్దెనిమిది నిండని అమ్మాయి, పరువు పిచ్చి పట్టిన మావయ్య, పోక్సో చట్టం. ఇంటింటా మాట్లాడుకోవాల్సిన కథ. దానికోసం హీరో నాని వేదిక ఎక్కి, ఇది నచ్చకపోతే నా తర్వాతి సినిమా చూడకండి అని పూచీ పడాల్సి వచ్చింది. ఆయన్ని తప్పుపట్టను, మంచి పనే చేశాడు. తప్పు మనది. పక్కింటి మనిషి మాటకి విలువ లేకుండా చేసుకున్నాం, అందుకే ఒక స్టార్ జామీను కావాల్సొచ్చింది.

మేధావులారా, మీరు తప్పించుకున్నామనుకోకండి. "మలయాళం వాళ్ళని చూడండి, కొరియా వాళ్ళని చూడండి, మనవాళ్ళకి టేస్ట్ ఎక్కడిది" అంటూ పెదవి విరవడం కూడా తయారు మాటే. మీరు నెత్తిన పెట్టుకున్న ఆ మలయాళం సినిమాలో ఏం నచ్చిందో అడిగితే "చాలా రియలిస్టిక్‌గా ఉంది" అంటారు. ఆ తరవాత వాక్యం లేదు. మాస్ కుర్రాడి దగ్గర "లెవెల్" ఉంది, మీ దగ్గర "రియలిస్టిక్" ఉంది. ఇద్దరి సంచీలోనూ చూసిన సరుకు లేదు. వాడు కనీసం ఈల వేసి ఆనందించాడు.

ఇంకో జాతి ఉంది. "సినిమానే కదండీ, వినోదం కోసం. లాజిక్‌లు వెతక్కూడదు. బుర్ర ఇంట్లో పెట్టి రావాలి." బుర్ర ఇంట్లో పెట్టి రమ్మన్నవాడు నిన్ను అవమానిస్తున్నాడు, నువ్వు దాన్ని సలహా అనుకుంటున్నావు. 'మాయాబజార్'లో లడ్డూలు గాల్లో ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోతాయి. ఎవరైనా ఎక్కడైనా లాజిక్ అడిగారా? అడగరు. ఎందుకంటే ఆ సినిమా తన లోకాన్ని తాను నమ్మింది, మనిషి బుద్ధిని గౌరవించింది. అరవై దాటిన హీరో తన మనవరాలి ఈడు పిల్లతో స్టెప్పులేస్తుంటే ఇబ్బందిగా ఉందని చెప్పడం లాజిక్ వెతకడం కాదు, కళ్ళు పనిచేస్తున్నాయని చెప్పడం. 2025 మార్చిలో పాటల్లో అసభ్యమైన స్టెప్పుల మీద జనం ఛీ అన్నాకే తెలంగాణ మహిళా కమిషన్ పరిశ్రమని హెచ్చరించింది. 'రాబిన్‌హుడ్' పాటలో విమర్శలకి గురైన స్టెప్పు థియేటరుకి వచ్చేసరికి పోయింది. టీ తాగుతూ, బస్సులో, ఇంట్లో భోజనం దగ్గర "ఇదేం స్టెప్పురా" అని చీదరించుకున్న మామూలు మాటల బలం అది. అంత బలమున్న నోటిని మీరు "టైంపాస్" అన్న మాటకి తాకట్టు పెట్టారు.

కాబట్టి మర్యాదలు వదిలి అడుగుతున్నాను. ఈ శుక్రవారం మీరు సినిమాకి వెళ్తే, బయటికొచ్చాక ఫోను జేబులోనే ఉంచండి. రేటింగులు చూడకండి, ఎవడి ట్వీటు చదవకండి. బండి తీసే ముందు పక్కనున్న మనిషితో, పెళ్ళామో మొగుడో కూతురో స్నేహితుడో, మీరు చూసింది చెప్పండి. ఏ మాట దగ్గర నవ్వొచ్చింది, ఏ పాత్ర మీద కోపమొచ్చింది, ఎక్కడ దర్శకుడు మిమ్మల్ని మోసం చేశాడనిపించింది. "నాకేం తెలుసు, నేనేమైనా సమీక్షకుణ్ణా" అని నసగకండి. టికెట్ కొన్నారు, కళ్ళున్నాయి, చాలు. మీ అభిమాన హీరో చెత్త సినిమా తీస్తే చెత్త అనండి, ఆకాశం విరిగిపడదు. మీరు పేరు కూడా వినని కుర్రాళ్ళు మంచి సినిమా తీస్తే ఆ రాత్రే పదిమందికి ఫోను చేసి చెప్పండి. సోమవారం చెబుదాంలే అనుకోకండి. సోమవారానికి ఆ సినిమా హాల్లో ఉండదు.